వాచీ వెనక మూత మీద పేరు

సూరత్‌లో ఒక బట్టల మిల్లు సిబ్బంది విభాగంలో నేను ముప్పై అయిదేళ్ళు పనిచేశాను. 1971లో గుమాస్తాగా చేరాను, 2006లో ఆ విభాగం అధికారిగా బయటికి వచ్చాను. మధ్యలో వచ్చిన ప్రమోషన్ల గురించి ఇక్కడ ఏమీ రాయను. అవి ఎవరికీ పనికిరావు. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం రాస్తున్నాను. మీ ముందు కంప్యూటరు ఉంటుంది, నా ముందు అట్ట రిజిస్టరు ఉండేది. పని మాత్రం ఒకటే. లోపలికి వచ్చిన మనిషి పేరు రాసుకోవడం, బయటికి వెళ్ళే రోజున ఆ పేరుతో సాగనంపడం. అందులో నేను చేసిన ఒక తప్పు గురించి ఇది. తప్పు అనడం కూడా నన్ను నేను కాచుకోవడమే. చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

బీరువా పై అర

ముప్పై ఏళ్ళ సర్వీసు నిండి రిటైరయ్యే కార్మికుడికి మా మిల్లులో బంగారు వాచీ ఇచ్చేవారు. మిల్లు యజమాని సేఠ్ గారి తండ్రి బొంబాయిలో మూతపడుతున్న ఒక వాచీల దుకాణంలో అరవై స్విస్ వాచీలు ఒక్కసారే కొన్నారట. నేను చేరేనాటికే అవి పాతకాలపు సరుకు. పద్దెనిమిది క్యారెట్ల పలచటి కేసు, తెల్లటి డయల్, రోజూ కీ ఇవ్వాల్సిన మిషను. నా గదిలో ఉక్కు బీరువా పై అరలో నీలం మఖమల్ డబ్బాల్లో ఉండేవి. వాడని వాచీలో నూనె గట్టిపడుతుందని, ప్రతి శనివారం మధ్యాహ్నం అన్నింటికీ కీ ఇచ్చేదాన్ని. నా హయాంలో నలభై మూడు ఇచ్చాను. ఏది ఎవరికి, ఏ రోజున ఇచ్చానో నా సొంత నోటుబుక్కులో ఇప్పటికీ ఉంది.

వెనక మూత మీద పేరు, సర్వీసు సంవత్సరాలు ఇంగ్లీషులో చెక్కించడం నా పని. కతర్‌గామ్‌లో ఒక ముసలి పనివాడు చెక్కేవాడు. చీటీ మీద నేను రాసిచ్చిన అక్షరం ఒక్కటి మారేది కాదు.

ఆ కానుక గురించి నా అభిప్రాయం అడిగితే చెబుతాను. ముప్పై ఏళ్ళు మిల్లు సైరన్‌తో లేచి, సైరన్‌తో తిని, సైరన్‌తో పడుకున్న మనిషికి, ఇక ఏ సైరనూ వర్తించని రోజున వాచీ ఇవ్వడంలో అర్థం లేదు. చాలామంది దాన్ని పెట్టెలో దాచారు. కొందరు ఆడపిల్లల పెళ్ళిళ్ళకి కరిగించారు. అది తప్పని మా మేనేజరు ఒకాయన కోప్పడేవాడు. నేను ఆయన పక్షం కాదు. ఇచ్చిన వస్తువు ఏమైందని అడిగే హక్కు మనకు లేదు. కాని ఒక సంగతి నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. మిల్లులో ఆ మనిషికి ఒక్కడికే చెందిన వస్తువు ఆ వాచీయే. మగ్గం మిల్లుది, గేటు దగ్గర చూపించే నంబరు బిళ్ళ మిల్లుది, కూర్చునే స్టూలు కూడా మిల్లుదే.

నాకు పని నేర్పినవారు దేశాయి సాహెబ్, నా ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయన. మొదటి వారంలోనే చెప్పారు: "సరోజాబెన్, దిద్దుబాటు పడ్డ రిజిస్టరూ అతుకు పడ్డ బట్ట థానూ ఒకటే. రెండూ సెకండ్స్ లోకే పోతాయి." మచ్చ ఉన్న బట్టను సెకండ్స్ అని సగం ధరకు తోసేసేవాళ్ళం. ఆ మాట నాకు మంత్రమైంది. ముప్పై అయిదేళ్ళలో నా రిజిస్టర్లలో కొట్టివేత ఒక్కటి లేదు. అది గొప్పగా చెప్పుకుంటూ తిరిగాను.

టెలిగ్రామ్

1988 ఆగస్టులో ఒక టెలిగ్రామ్ వచ్చింది. "మల్లేశం చనిపోయాడు, వెంటనే బయలుదేరు." రాజయ్య, వీవింగ్ షెడ్ అని చిరునామా.

వీవింగ్ షెడ్ రిజిస్టరులో రాజయ్య లేడు. మల్లేశం ఉన్నాడు. మగ్గాలు బాగుచేసి నేతగాళ్ళ చేత పని చేయించే జాబర్ అతను. షెడ్డులో అందరూ అతన్ని రాజయ్య అనేవారు. నేనూ అలాగే పిలిచేదాన్ని. ఇంట్లో ఒక పేరు, బయట ఒక పేరు మనవాళ్ళలో మామూలే కదా అనుకున్నాను. ఆఫీసులో తెలుగు మనిషిని నేనొక్కదాన్నే. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన పద్మశాలీలు చీటికీ మాటికీ నా దగ్గరికే వచ్చేవారు. అందుకే కబురు పంపాను. చేతులకు గ్రీజుతోనే వచ్చాడు.

"ఎవరు పోయారు రాజయ్యా?"

"మా అన్న, మేడమ్."

"పేరు?"

"గందులనే ఉన్నది గద."

తరవాత తలుపు దగ్గరికి వేసి అంతా చెప్పాడు. 1969లో వాళ్ళన్న మల్లేశం బదిలీ కార్డు మీద చేరాడు. రానివాళ్ళ బదులు పనిచేసేవాళ్ళకు ఇచ్చే కార్డు అది. నాలుగు నెలలకే దగ్గు పట్టుకుంది, ఊరికి వెళ్ళిపోతూ ఇత్తడి బిళ్ళ తమ్ముడి చేతిలో పెట్టాడు. గేటు దగ్గర బిళ్ళ చూసేవారు కాని మొహం చూసేవారు కాదు. ఆ బిళ్ళే మూడేళ్ళకు పర్మనెంటు అయింది. పేరు అన్నది, నడుము తమ్ముడిది.

"ఇప్పుడు పోయి అన్నను కాలవెట్టాలె. సెలవు చిట్టీల ఏమని రాయాలె మేడమ్? మల్లేశం సచ్చిపోయిండు, జర మల్లేశంకు సెలవియ్యుండ్రి అని రాయాల్నా?" అన్నాడు. నవ్వుతున్నాడు, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"కుటుంబంలో మరణం" అని నేనే రాసి పది రోజుల సెలవిచ్చాను. అది దయ అనుకున్నాను. కొంత దయే. మిగతాది ఏమిటో కూడా రాయాలి. పేరు మార్చాలంటే అఫిడవిట్టు కావాలి, విచారణ జరగాలి. పదిహేడేళ్ళుగా నీ కళ్ళముందున్న మనిషి ఎవరో నీకు తెలియలేదా అని ఎవరైనా అడుగుతారు. రిజిస్టరులో మొదటి కొట్టివేత పడుతుంది. కాబట్టి నోటితో రాజయ్యా అని పిలుస్తూ, కలంతో మల్లేశం అని రాస్తూ ఇంకో పదిహేనేళ్ళు గడిపాను.

సేఠ్‌తో వాదన

2003 మార్చితో, రిజిస్టరు ప్రకారం, మల్లేశానికి రిటైరయ్యే వయసు యాభై ఎనిమిది నిండాయి. రాజయ్యకు అప్పటికి యాభై నాలుగే. అన్న వయసు తమ్ముడి మీద పడి, నాలుగేళ్ళు ముందే ఇంటికి వెళ్ళాల్సి వచ్చింది. ఆ లెక్క నాకు తెలుసు. అతనూ అడగలేదు, నేనూ ఎత్తలేదు.

రిటైర్‌మెంటుకు పది రోజుల ముందు అతని భార్య నర్సవ్వ మా ఆఫీసుకు వచ్చింది. అంతకు ముందెప్పుడూ గేటు దాటి లోపలికి రాలేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా, మిల్లు కాయితాలల్ల ఎట్లున్నదో గట్లనే ఉండనియ్యుండ్రి. గీ ఒక్క గడియారం మీదనన్న ఆయన పేరు చెక్కిపియ్యుండ్రి. ముప్పై నాలుగేండ్లు బావ పేరు మీద కట్టపడ్డడు. గింత జాగల ఆయన పేరు పడితే ఏం పోతది?" అని బొటనవేలి గోరు చూపించింది.

సేఠ్ గారిని అడుగుతానన్నాను. అడిగాను. సేఠ్ తండ్రిలా గట్టి మనిషి కాదు, నవ్వి ఊరుకునే రకం. అంతా విని, "అరె సరోజాబెన్, వాచీ తిరగేసి ఎవడు చూస్తాడు? ఆవిడ చెప్పిన పేరే చెక్కించు" అన్నాడు.

"అలా చేస్తే రిజిస్టరు అబద్ధమవుతుంది సేఠ్‌జీ."

"ఇప్పుడు నిజమా?"

"కాగితం మీద నిజమే. రేపు ఎవరైనా ఆ వాచీ పట్టుకొస్తే అతని ప్రావిడెంట్ ఫండే చిక్కుల్లో పడుతుంది." ఇది సగమే నిజం. వాచీ పట్టుకుని ఫండు ఆఫీసుకు ఎవరూ వెళ్ళరు. చిక్కు నాకు. నాకు 1988 నుంచి తెలుసని బయటపడుతుంది. ఇంకో అరగంట వాదించాను. చివరికి సేఠ్ చేతులెత్తేశాడు: "నీ బీరువా, నీ ఇష్టం."

యజమానితో వాదించి గెలిచానని ఈ కథ చాలాచోట్ల చెప్పాను. పేర్లు మార్చి, కొత్త గుమాస్తాలకు పాఠంగా కూడా చెప్పాను. నర్సవ్వకు మాత్రం వేరే చెప్పాను. గేటు దగ్గర నిలబెట్టి, "ఎంతో చెప్పి చూశానమ్మా, సేఠ్ ఒప్పుకోలేదు" అన్నాను. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది.

మార్చి ఆఖరు రోజున, మధ్యాహ్నం మూడింటి షిఫ్టు మారేటప్పుడు షెడ్డులో మగ్గాలు ఆపారు. మా ఆనవాయితీ ప్రకారం, సైరన్ మోగగానే రిటైరయ్యే మనిషి తన చేత్తో వాచీకి మొదటిసారి కీ ఇచ్చి టైము పెట్టుకోవాలి. నర్సవ్వ ముందు వరసలో కుర్చీలో కూర్చుంది. సేఠ్ శాలువా కప్పుతూ మైకులో, "రాజయ్యాభాయ్, ఆవో" అన్నాడు. జాబితా పట్టుకుని పక్కనే ఉన్న నేను "మల్లేశం" అని మెల్లగా అందించాను. సేఠ్ విననట్టే ఊరుకున్నాడు.

సైరన్ మోగింది. రాజయ్య కీ ఇచ్చాడు. వాచీ తిరగేశాడు. చెక్కిన పేరు మీద బొటనవేలు రాసి, నాకేసి చూసి గట్టిగా అన్నాడు: "మా అన్నకు మస్తు గడియారం ఇచ్చిండ్రు, మేడమ్!"

తెలుగువాళ్ళంతా గొల్లున నవ్వారు. ఏమన్నాడని సేఠ్ అడిగితే, "థ్యాంక్స్ చెబుతున్నాడు" అన్నాను.

టెంటు కింద కౌంటరు

మిల్లు 2009లో మూతపడింది. 2020లో లాక్‌డౌన్ వచ్చేనాటికి సేఠ్ లేడు, దేశాయి సాహెబ్ లేరు. సూరత్ అడాజన్ పేటలో నా ఫ్లాటు తలుపు వేసుకుని కూర్చున్నాను. ఫోను మోగితే చాలు, నోటుబుక్కులో ఏ పేరు పక్కన పోయిన తేదీ రాయాల్సి వస్తుందో అనుకుంటూ ఎత్తేదాన్ని.

2021 ఏప్రిల్ మూడో వారంలో పద్మ ఫోను చేసింది. రాజయ్య కూతురు. ఊళ్ళోనే వడోద్‌లో తల్లిదండ్రుల గది పక్కనే ఉంటూ చీరలకు లేసులు కుడుతుంది.

"ఆంటీ, బాపు పోయిండు. కరోనా వార్డుల. మమ్మల్ని లోపటికి పోనియ్యలె. వాళ్ళే తీస్కపోయి కాలవెట్టిండ్రు. ఇప్పుడు సామాన్ ఇస్తలేరు. గడియారం మీద వేరే నామ్ ఉన్నదట, వేరే పేషెంట్‌ది అంటున్నరు."

వెనకనుంచి నర్సవ్వ గొంతు వినిపించింది: "ఆయిన్ని సూడనియ్యలె. ఆయిన చేతికున్నదన్న సూడనియ్యమను."

సంగతి ఇది. రాజయ్య రేషన్ కార్డు, ఆధార్ కార్డు రాజయ్య పేరు మీదే ఉన్నాయి. ఆ పేరుతోనే ఆసుపత్రిలో చేర్చారు. చేతి వాచీ మీద మల్లేశం అని ఉంది. ఆ రోజుల్లో ఎవరి వస్తువులు ఎవరికి వెళుతున్నాయో తెలియక గొడవలు జరుగుతున్నాయి. అందుకని పేరు కలవనిదాన్ని విడిగా పెట్టారు. పదిహేను రోజుల్లో రుజువు తెస్తే ఇస్తారు, లేకపోతే స్టోరుకు పంపేస్తారు. వాచీ ఇచ్చిన కంపెనీ ఉత్తరం కావాలన్నారు. కంపెనీ లేదు. నేనున్నాను.

ఆ రోజే ఉత్తరం రాసి ఫోనులో ఫోటో పంపాను. ఏం రాశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. "సదరు వాచీని 2003 మార్చిలో మల్లేశం అనే జాబర్‌కు మా మిల్లు బహూకరించినదని ధ్రువీకరిస్తున్నాను." అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఒక్క అక్షరం పనికొచ్చేదీ లేదు. డెబ్బై మూడేళ్ళ వయసులో, మూతపడ్డ మిల్లు రిజిస్టరును ఇంకా కాపాడుతున్నాను.

మర్నాడు పద్మ మళ్ళీ చేసింది. "గిది చూసి ఇంక పక్కా అయింది అన్నరు ఆంటీ, గడియారం మల్లేశందే అని. మీరు గిట్ల ఎందుకు రాసిండ్రు?" గొంతులో కోపం లేదు. నిజంగానే అర్థం కాలేదు ఆ పిల్లకు.

రెండు మాస్కులు కట్టుకుని వెళ్ళాను. ఆసుపత్రి ఆవరణలో టెంటు, దాని కింద బల్లలు. బల్ల వెనక నిలువెల్లా ప్లాస్టిక్ తొడుక్కున్న ఒక గుజరాతీ అమ్మాయి. ప్రతి సంచీ మీదా, ముందున్న రిజిస్టరులోనూ పేరు, తేదీ, వార్డు, మంచం నంబరు తన చేత్తో రాసి, కింద అడ్డగీత గీసి పెట్టింది. అంత శుభ్రమైన రిజిస్టరు నాది కాకుండా ఇంకొకటి చూడలేదు. నా ప్రాణం ఉసూరుమంది. అలాంటి మనిషి ఏం చెబుతుందో నాకు ముందే తెలుసు.

"బా, మీ ఉత్తరం నేను చదివాను" అంది, మనం పెద్దవాళ్ళను అమ్మా అన్నట్టు. "మల్లేశానికి ఇచ్చామని మీరే రాశారు."

"మల్లేశం, రాజయ్య ఒక్కరే. అన్న పేరు మీద పనిచేశాడు."

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"1988లో."

"వాచీ ఎప్పుడిచ్చారు?"

"2003లో."

వేళ్ళు మడిచి లెక్క పెట్టింది. "పదిహేనేళ్ళు తెలిసి కూడా ఈ పేరే చెక్కించారా?"

"అవును."

ఎందుకని ఆ అమ్మాయి అడగలేదు. వెనక క్యూలో చాలామంది ఉన్నారు. "మీ మాట నమ్ముతాను బా, కాని మాటను రిజిస్టరులో అంటించలేను. ఇంకేదైనా గుర్తు చెప్పండి."

నా పక్కన నర్సవ్వ మాస్కు కిందనుంచి అంది: "దాని ఎనక గుడ్డపేలిక అంటిచ్చి ఉంటది. అడుగుండ్రి."

అడిగాను. అమ్మాయి సంచీ తెరిచింది. వాచీతో పాటు చిన్న కాగితం పొట్లం ఉంది. వార్డులో మందు నీళ్ళతో తుడిచినప్పుడు మూత మీదనుంచి ఊడిందట. పారేయకుండా పొట్లం కట్టి పెట్టారు. అందులో రూపాయి బిళ్ళంత గుండ్రటి తెల్ల గుడ్డ. దాని మీద ఎర్రదారంతో ఏవో కుట్టి ఉన్నాయి.

"ఇది డిజైను అనుకున్నాం. అక్షరాలా?"

"తెలుగు అక్షరాలు."

"ఇంట్లోవాళ్ళు చదివితే నేను రాసుకోకూడదు. మీరు చదవండి, గట్టిగా."

అద్దాలు తుడుచుకున్నాను. నలుగురూ వినేలా చదివాను. "రాజయ్య."

అమ్మాయి రిజిస్టరులో మల్లేశం అన్న మాటను ఒక్క గీతతో కొట్టేసింది. పైన రాజయ్య అని రాసి, పక్కన తను సంతకం పెట్టి, నా చేతా పెట్టించింది. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. కొట్టివేత పడిన ఆ పుట ఏమీ చెడిపోలేదు.

బయట వేపచెట్టు నీడలో పద్మ చెప్పింది. వాచీ ఇంటికి వచ్చిన రోజే తను సుద్దతో అక్షరాలు గీస్తే తల్లి కుట్టిందట. రాజయ్య దాన్ని మూత మీద అంటించుకున్నాడు. గుడ్డ చివికితే ఇంకొకటి కుట్టేది. ఇది నాలుగోది. రోజూ పొద్దున ఏడింటికి, మొదటి షిఫ్టు వేళకు, కీ ఇచ్చేవాడట.

నర్సవ్వ వాచీని చెంగుతో పట్టుకుని చూస్తోంది. తల ఎత్తకుండానే అంది: "ఆనాడు సేఠ్ ఒప్పుకోకపాయె గని, మీరు మాత్రం ఏం జేస్తరమ్మా."

"అవును నర్సవ్వా" అన్నాను.

కొత్తవాళ్ళకు

రిజిస్టర్లు శుభ్రంగా ఉంచవద్దని నేను చెప్పను. లెక్క తప్పితే దెబ్బ పడేది కార్మికుడి మీదే. కాని రిజిస్టరు మనిషిని గుర్తుపట్టడానికి పెట్టింది. మనిషి ఎదురుగా నిలబడి నేను ఫలానా అని చెబుతున్నప్పుడు, పుటను చూసి నువ్వు కావు అనడం ఉద్యోగం కాదు. దేశాయి సాహెబ్ మంచి గురువు, కాని ఆ ఒక్క మాట తప్పు నేర్పారు. సేఠ్‌ను మెత్తటివాడని చులకనగా చూశాను. ఆయన చెప్పిందే సరైనది. మీ పైవాడు మీకంటే దయగా ఉన్న అరుదైన రోజున, ఆయనతో వాదించి గెలవకండి.

ఇది అచ్చుకు పంపే ముందు నర్సవ్వకు వినిపించాలనుకున్నాను. 2022 ఫిబ్రవరిలో వడోద్ వెళ్ళాను. ఒకటే గది. రాజయ్య ఫోటో కింద మేకుకు వాచీ వేలాడుతోంది, నడుస్తోంది. చాయ్ ఇచ్చింది. పక్కన పెట్టి, మొదటినుంచీ చదివాను. సేఠ్‌తో నా వాదన వచ్చినప్పుడు ఆగలేదు, ఆగితే మళ్ళీ చదవలేనని తెలుసు. గేటు దగ్గర నేను చెప్పిన అబద్ధం కూడా చదివాను. కాగితాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను.

నర్సవ్వ మామూలుగా అంది: "గది నాకు ఆనాడే ఎరుకనమ్మా. సేఠ్ మైకుల రాజయ్యా అనే పిలిచిండు గద. ఒప్పుకోనోడు గట్ల పిలుస్తడా? మీరు పక్కపొంటి నిలవడి మల్లేశం అని అందిస్తిరి. ముంగటనే కూసున్న గద, ఇన్న."

"మరి దవాఖాన దగ్గర సేఠ్ ఒప్పుకోలేదని ఎందుకన్నావు?"

"మీరు చెప్తరేమోనని అన్న." ఆమె నా కేసి చూడలేదు, వాచీ కేసి చూసింది. "మీరు అవునంటిరి."

నా చాయ్ చల్లారిపోయింది. ఆమె లేచి, గ్లాసు నా పక్కనుంచి తీసుకుని, మళ్ళీ వేడిచేసి ఇచ్చింది.